తమ్ముడి నడుముకు ఒర

మా తమ్ముడు నన్ను ఏదీ అడిగేవాడు కాదు. నేను కువైట్ వచ్చిన ఇన్నేళ్లలో వాడు నోరు తెరిచి అడిగిన వస్తువు ఒక్కటే. పిస్తోలు పెట్టుకోవడానికి ఒర కావాలన్నాడు. అది కూడా పలుచగా, చొక్కా కింద ఉన్నా లేనట్టే ఉండాలన్నాడు.

"మన పక్క దొరికేటివన్నీ పోలీసోళ్లవి న్నా. నడుముకాడ గడ్డ మాదిరి లేస్తాది. ఆ దేశంలో సన్నవి దొరుకుతాయంట గదా," అన్నాడు ఫోనులో.

అప్పుడు నేను ఎగైలాలో ఒక మాల్ ముందు కారులో కూర్చొని ఉన్నాను. లోపల మామా ఏవో కొనుక్కుంటోంది. నేను డ్రైవరుగా ఉన్న ఇంటి యజమానురాలు ఆమె. ఇంట్లో పనివాళ్లందరం ఆమెను మామా అనే పిలుస్తాం. తమ్ముడి మాట సరిగా వినబడాలని కారులో ఏసీ ఆపేశాను.

మా ఇంట్లో పిస్తోలు దాచుకునే వస్తువు కాదు. అది తాత మద్రాసులో కొన్న విదేశీ పిస్తోలు. చిన్నది, అరచేతిని కాస్త మించుతుంది. తాత, ఆయన తర్వాత నాయన, దాన్ని తెల్ల చొక్కా మీద అడ్డంగా వేసుకున్న తోలు పట్టాకు పెట్టుకొని బయటికి వచ్చేవాళ్లు. నలుగురికీ కనబడితే తీయవలసిన అవసరం రాదని నాయన నమ్మకం. వెంట నడిచే మనుషుల సంగతి వేరు. వాళ్ల ఆయుధాలు తువ్వాలు కింద, పైపంచె కింద ఉండేవి. మా వైపు ఏ తిరునాళ్లకు పోయినా ఎవరు పెద్దమనిషో, ఎవరు కాపలాకు వచ్చినవాడో అడగనక్కర లేదు. ఆయుధం కనబడేలా పెట్టుకున్నవాడు ముందు నడుస్తాడు. దాచుకున్నవాడు వెనుక నడుస్తాడు. ఇది పిల్లలకు కూడా తెలిసిన తేడా.

నా చిన్నప్పుడు మా వెంట నడిచేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. తర్వాత కోర్టులు వచ్చాయి, భూములు పోయాయి, మనుషులు పోయారు. నాయన మాత్రం చివరిదాకా వీపు వంచలేదు. ఆయన పోయాక మా ఇంట్లో మిగిలినవి ఆ పిస్తోలు, దాని లైసెన్సు, మేమిద్దరం. మా ఆచారం ప్రకారం అది పెద్దకొడుకుది. నేను దేశం విడిచి వస్తున్నాను కాబట్టి తమ్ముడి పేరున మార్పించాను. విమానం ఎక్కే ముందు వాడితో ఒక మాట చెప్పాను. ఒకరి ముందు నిలబడడం అవసరమైతే నేను నిలబడతాను, నువ్వు ఎవరి ముందూ నిలబడవద్దు. వాడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. తల ఊపాడు.

ఆ ఒక్క ఒప్పందం మీదనే నేను ఇక్కడ బతికాను. మామాకు కారు తలుపు తీసినప్పుడల్లా, మా ఊళ్లో ఎవరి తలుపూ తీయని మనిషి ఒకడున్నాడని అనుకునేవాణ్ణి. ఆ ఆలోచన ఉన్నంతకాలం నా వీపు నిటారుగానే ఉండేది. తోటి డ్రైవర్లు నన్ను ఎగతాళి చేసేవాళ్లు. చొక్కా ఇస్త్రీ లేకుండా నేను గది దాటను. పండుగలకు మామా కొడుకులు ఇచ్చే పాత బట్టలు తీసుకోను. అలాంటి మనిషికి తమ్ముడు ఫోను చేసి, కనబడని ఒర కావాలన్నాడు.

మొదట నాకు తోచింది ఒక్కటే. పాత పగ మళ్లీ లేచింది. మా చిన్నాయనను చంపినవాళ్ల పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో ఎవరో వీడి వెంట పడుతున్నారు, వీడు నాకు చెప్పకుండా దాస్తున్నాడు అనుకున్నాను. ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడిగాను. అట్లాంటిదేమీ లేదన్నాడు. మరి దాచుకోవడం ఎందుకని అడిగాను.

"ఈ కాలంలో బయటికి పెట్టుకుంటే జనం నవ్వుతారు న్నా," అన్నాడు.

సగమే నమ్మాను. మామా సంచులతో బయటికి వస్తోంది. పిస్తోలును కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమన్నాను. దిగి వెనుక తలుపు తీశాను.

చలికాలం మొదలయ్యే రోజులవి. ఇక్కడివాళ్లు ఆ కాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. మామా కొడుకులు కబ్ద్ దగ్గర వేసుకుంటారు. గుడారపు మేకులు, తాళ్లు, పొయ్యి తీసుకురమ్మని నన్ను ఒక పెద్ద అంగడికి పంపారు. వేట సామాన్లు కూడా అమ్ముతారక్కడ. ఈ దేశంలో మామూలు మనిషి పిస్తోలు నడుముకు పెట్టుకొని తిరగడం కుదరదు. కానీ పోలీసు, మిలిటరీ వాళ్ల కోసం ఒరలు ఉంచుతారు. ఒరకు కాగితాలు అడగరు. ఆ వరుస దగ్గర అమ్మకం చూసేవాడు కరీంనగర్ మనిషి. ధరలు చూస్తూ నేను గొణుక్కున్నది విని తెలుగువాణ్ణని పట్టేశాడు.

"ఏందే అన్నా, మీ మామా జీతం ఇస్తలేదా? డైరెక్ట్ గీ వరుసలకే వచ్చినవ్," అన్నాడు.

నేను నవ్వలేదు. ఊళ్లో తమ్ముడికి, లైసెన్సు ఉన్నదానికి అన్నాను. ఫోనులో గీత బొమ్మ చూపించాను. అతడు బొమ్మను పెద్దది చేసి చూసి, ఇంత పాత పిస్తోలుకు సరిగ్గా అచ్చు పోసిన గట్టి ప్లాస్టిక్ ఒర దొరకదన్నాడు. నాలుగైదు రకాలు బల్ల మీద పరిచాడు. మూత ఉన్న తోలుది, మెత్తటి నైలాన్‌ది, ట్రిగ్గరును మాత్రం కప్పే చిన్న ముక్క, సన్నటి తోలుకు ఒకే స్టీలు క్లిప్పు ఉన్నది. ఏది మంచిదని అడిగితే, మనిషిని బట్టి ఉంటుంది, మీ తమ్ముణ్ణే ఫోనులో అడుగుదామన్నాడు. నేను తమ్ముడికి ఫోను చేసి, వాడి మాటలు అతడికీ వినబడేలా పెట్టాను.

"తమ్మీ, దినమంత నిలవడి ఉంటవా, కూసుంటవా?"

"నిలబడేదే ఎక్కువ," అన్నాడు తమ్ముడు.

"కార్ల ముంగట సీటా, ఎనక సీటా?"

"ముందర సీటే. డ్రైవరు పక్కన."

నాకు అర్థం కాలేదు. మా ఇంటికి కారు లేదు.

"ఉరికి దిగి డోర్ తీసుడు ఉంటదా?"

ఉంటుందన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"ఏ చేయితోని తీస్తవ్?"

"ఎడంచేత్తో. కుడిచెయ్యి ఖాళీగా పెట్టుకోమన్యారు."

"ఓ, గన్‌మన్ డ్యూటీనా! ముందుగాల్నే చెప్పొద్దానె అన్నా," అన్నాడు కరీంనగర్ మనిషి నా వైపు తిరిగి. అతడి ముఖం నిజంగా సంతోషంతో వెలిగింది. "మా బావ గూడ హైద్రాబాద్ల ఒక బిల్డర్ తాన గన్‌మనే. మస్తు ఇజ్జత్ ఉంటది."

నేను ఫోను చెవికి పెట్టుకొని బయటికి వచ్చాను. గోడకు ఆనించిన గుడారపు గుంజల మధ్య నిలబడ్డాను. మొదట వాడే నోరు తెరిచాడు. కాపలాకు కుదిరానని, గ్రానైట్ కాంట్రాక్టరు దగ్గరని చెప్పాడు. ఆయన మా జిల్లావాడు కాదు.

"మనమెవరో తెలుసునా ఆయనకు?" అన్నాను.

"తెల్దు. తెలిస్తే పెట్టుకోడు."

"అది నాయన పిస్తోలురా."

"నాయనదే. దానికి లైసెన్సు ఉండాది కాబట్టే నాకు పనిచ్చినారు. లేకుంటే నన్ను చూసి ఎవురిస్తారు న్నా? ఏం చదివించినావు నన్ను? యాడికన్నా పంపిచ్చినావా? తెల్ల చొక్కా తొడిగి అరుగు మీద కూర్చోబెడితివి. ఎవురూ రాని అరుగు."

దానికి నేను జవాబు చెప్పవలసింది ఉందని ఈ రోజుకీ అనుకోను. మా ఇంట్లో కొడుకులను అలాగే పెంచారు. నేను వాణ్ణి అలాగే పెంచాను. కానీ ఆ గొంతు నాకు కొత్తది. అందులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి గొంతు అది.

"ఆ మామాకు నువ్వు డోరు తీస్తాండావు గదా," అన్నాడు మళ్లీ. "నీ డోరుకు లేని అవమానం నా డోరుకు యాటికొచ్చె?"

"నువ్వు తీయకూడదనే కదరా నేను తీస్తున్నది."

"నువ్వు చాలించుకొని వచ్చెయ్యల్లనే నేను తీస్తాండేది. నీ కాళ్లు వాచుతాండాయని మీ గదిలో ఉండే ఆయప్ప చెప్పినాడు. నువ్వు చెప్పకపోతివి."

ఫోను పెట్టేసి, ఒర కొనకుండానే, గుడారపు సామాన్లు కారుకు ఎత్తించుకొని కబ్ద్ వెళ్లాను.

ఆ మధ్యాహ్నం గాలి బాగా వీచింది. మేకులు కొట్టడానికి బంగ్లాదేశ్ మనుషులు ఉన్నారు. నేను తాడు పట్టుకొని నిలబడ్డాను. నాకు కనబడుతున్నదల్లా ఒక్కటే. మా తమ్ముడు ఒక కారు ముందు సీటులోంచి దిగుతున్నాడు, ఎడమచేత్తో తలుపు తీస్తున్నాడు. లోపలి నుంచి ఎవరో దిగి, వాడి ముఖం చూడకుండా నడిచిపోతున్నాడు. ఆ మనిషి ముఖం నేను ఊహించలేకపోయాను. నా తమ్ముడి ముఖం మాత్రం స్పష్టంగా కనబడింది. వాడిది అచ్చం నాయన ముఖం. ముక్కు, కనుబొమలు, గడ్డం ఎత్తి పెట్టుకోవడం అన్నీ ఆయనవే. ఆ ముఖం పెట్టుకొని వాడు అక్కడ ఎలా నిలబడుతున్నాడా అని అనుకున్నాను. గడ్డం దించడం నేర్చుకొని ఉంటాడు.

మామా గుడారం చూడటానికి వచ్చి నన్ను చూసింది. మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అరబిక్‌లో అడిగింది. లేదు, అందరూ బాగున్నారన్నాను. ఎవరైనా పోయి ఉంటే ఆమె నన్ను ఇంటికి పంపేది. టికెట్ కూడా ఇచ్చేది. అంత మంచి మనిషే. కానీ నాకు వచ్చిన దుఃఖానికి సెలవు అడగడం ఎలాగో నాకు తెలియదు.

ఆ రాత్రి నేను తమ్ముడికి ఫోను చేయలేదు. మర్నాడూ చేయలేదు. ఒర పంపకపోతే వాడి ఉద్యోగం పోతుందేమో అనే ఆశ కూడా కలిగింది. చివరికి వాడే చేశాడు. పని సంగతి ఎత్తలేదు. పంపుతావా లేదా అని కూడా అడగలేదు. అన్నం తిన్నావా అని అడిగాడు. నేనే ఉండబట్టలేక, ఇప్పుడు దాన్ని ఎలా పెట్టుకుంటున్నావని అడిగాను.

"గుడ్డ చుట్టి నడుములో దోపుకుంటాండా," అన్నాడు.

అక్కడితో నా బిగువు అయిపోయింది. నా చిన్నప్పుడు నాయన వెంట నడిచే మనిషి ఒకడు అలాగే దోపుకునేవాడు. ఒకరోజు మా వసారాలో నాయన చెప్పులు తీసి ఇవ్వడానికి వంగాడు. పంచె మడత ట్రిగ్గరుకు చిక్కి పేలింది. గుండు తొడలోంచి దూసుకుపోయింది. బతికాడు కానీ, ఆ తర్వాత వాడు సరిగా నడవలేదు. కారులోకి ఎక్కుతూ, దిగుతూ, వంగుతూ ఉండే పనిలో మా తమ్ముడు ఒక గుడ్డ ముక్కను నమ్ముకొని ఉన్నాడు.

మళ్లీ అంగడికి వెళ్లాను. కరీంనగర్ మనిషి మూడు రకాలు నా చేతిలో పెట్టి, చూసుకొని రెండు రోజుల్లో వాపస్ తెమ్మన్నాడు. గుడారాల దగ్గర పారేసిన పెట్టె చెక్క ఒకటి తెచ్చి, తమ్ముడు పంపిన బొమ్మ కొలతకు కోసి, గరుకు కాగితంతో రుద్దాను. చెక్క పిస్తోలైనా నడుముకు పెట్టుకొని వీధిలోకి వెళ్తే ప్రమాదమే. అందుకే మామా ఇంటి కారు షెడ్డులో, తలుపు వేసుకొని చూశాను.

అక్కడ నాకు ఒక సంగతి తెలిసింది. ఈ దేశంలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. మన దేశంలో డ్రైవరు పక్కన కూర్చునేవాడిది కూడా ఎడమవైపే. అంటే మా తమ్ముడు కూర్చునే సీటు, నేను కూర్చునే సీటు ఒక్కటే. బెల్టు వాడికీ ఎడమ భుజం మీది నుంచే దిగుతుంది, కుడి తుంటి దగ్గర తాళం పడుతుంది. వాడు దిగే కాలే నాదీ, తలుపు తీసే చెయ్యే నాదీ. వాడి ఒంటికి ఏది సరిపోతుందో తేల్చడానికి లోకంలో నాకంటే తగిన మనిషి లేడు.

చెక్కను కుడి తుంటి మీద పెట్టుకొని కూర్చుంటే బెల్టు తాళం దానికి తగిలింది. కొంచెం ముందుకు, బొడ్డుకు కుడివైపుకు జరిపాను. మూత ఉన్నది వంగినప్పుడు కడుపులో పొడిచింది. నైలాన్‌ది చొక్కా కింద ఉబ్బింది. పైగా చెక్కను లాగితే ఒర కూడా దానితో పాటే ఊడి వచ్చింది. సన్నటి తోలుదే మిగిలింది. కింద తెరిచి ఉంటుంది, ట్రిగ్గరును పూర్తిగా కప్పుతుంది, క్లిప్పు బెల్టును గట్టిగా పట్టుకుంటుంది, చెమట తగలకుండా లోపలివైపు తోలు కాస్త ఎత్తుగా ఉంటుంది. వేలితో నొక్కి ట్రిగ్గరు భాగం కదలడం లేదని చూసుకున్నాను. మూతి కొంచెం మెత్తగా ఉంది. పిస్తోలు తీశాక మూతి ముడుచుకుపోతే, తిరిగి తోసేటప్పుడు ఆ మడత ట్రిగ్గరులోకి పోతుంది. మూడూ అంగడికి వాపస్ తీసుకుపోయి, అదే రకంలో మూతికి రెండు వరుసల కుట్టు వేసి గట్టిపరచినది ఉంటే కావాలని అడిగాను. కరీంనగర్ మనిషి లోపల వెతికి తెచ్చాడు.

దాన్ని పెట్టుకొని షెడ్డులో మళ్లీ ఎన్నిసార్లు కారు ఎక్కి దిగానో. ఎక్కిన ప్రతిసారీ ఇది నేను కాదు, వాడు అని అనుకున్నాను. దిగి, ఎడమచేత్తో వెనుక తలుపు తీశాను. వెనుక సీటు ఖాళీగా ఉంది. ఆ తలుపు పట్టుకొని కాసేపు అలాగే నిలబడిపోయాను. నాయన చనిపోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. పెద్దకొడుకును, నలుగురూ చూస్తారని. అక్కడ చూసేవాళ్లు లేరు.

మా జిల్లా ఆడమనిషి ఒకామె సెలవు మీద పోతుంటే ఆమె చేత పంపాను. వాడితో ఫోనులో చెప్పవలసినవన్నీ చెప్పాను. పిస్తోలును ముందు ఒరలో పెట్టి, తర్వాత రెండూ కలిపి నడుములో పెట్టుకోవాలి. నడుములో ఉన్న ఒరలోకి తోయకూడదు. చెమట పట్టిన రోజు ఇంటికి రాగానే తుడవాలి. వాడు అన్నింటికీ సరేనన్నాడు. ఆ పని మానెయ్యమని మాత్రం నేను చెప్పలేదు. వాడు నన్ను వచ్చెయ్యమనీ మళ్లీ అనలేదు.

అది అందిన మూడోనాడు పొద్దున్నే వీడియోలో వచ్చాడు. ఏదో గెస్టుహౌసు వాకిట్లో నిలబడి ఉన్నాడు. బూడిదరంగు చొక్కా వేసుకున్నాడు. ఫోనును కారు బానెట్ మీద ఆనించి, దూరంగా జరిగి, అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, వంగి లేచాడు.

"కనపడతాండాదా న్నా?"

"లేదు," అన్నాను.

"కూర్చుంటే కూడా గుచ్చుకోలేదు. నువ్వు ముందరికి పెట్టమన్యావు గదా, ఆడ్నే పెట్టినా. నాతో డ్యూటీ చేసేవాళ్లంతా యాడ కొన్యావని అడుగుతాండారు."

వాడి ముఖంలో చిన్న గర్వం కనబడింది. చాలా ఏళ్ల తర్వాత చూశాను దాన్ని. బాగుందిరా అన్నాను. ఇంకేదో అనబోయేంతలో వాడి వెనుక ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరో పేరు కూడా పిలవకుండా, ఏయ్ అని కేక వేశారు.

"వస్తాండా అయ్యా," అన్నాడు మా తమ్ముడు.

ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ వినబడేది. మేము మాత్రం ఎన్నడూ ఎవరినీ అనలేదు. వాడు ఫోను తీసి, కట్ చేయడం మరచిపోయి, చొక్కా జేబులో పడేసుకున్నాడు. తెర నల్లబడింది. గబగబా నడిచే అడుగులు వినబడ్డాయి. కారు తలుపు తెరుచుకొంది, మెల్లగా మూసుకొంది. జాగ్రత్తగా మూశాడు, చప్పుడు రాకుండా. తర్వాత ఇంకో తలుపు, బెల్టు తాళం పడిన చప్పుడు. వెనుక సీటు నుంచి ఎవరో ఏసీ పెంచమంటున్నారు. బండి కదిలింది. జేబులో చొక్కా గుడ్డ రాసుకుంటోంది. దాని వెనుక వాడి ఊపిరి వినబడుతోంది.

కట్ చేయాలని తెలుసు. వాళ్ల బండి పెద్ద రోడ్డు ఎక్కేదాకా వింటూ కూర్చున్నాను.